పావుమైలు దూరంలో

1905 ఆగస్టు 23. ఇంకా వెలుగు రాలేదు. అమెరికాలోని అరిజోనా నైరుతి మూలన, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో, టినాహాస్ ఆల్తాస్ అనే గ్రానైట్ కొండల కింద ఇద్దరు మనుషులు మకాం వేసుకుని ఉన్నారు. ఒకరు డబ్ల్యూ జె మెక్‌గీ, 52 ఏళ్ల శాస్త్రవేత్త. రెండో అతను హొసే, ఇసుక మీద అడుగుజాడను చూసి ఎవరు ఎప్పుడు వెళ్లారో చెప్పగల ఆదివాసీ. లోయ కింది నుంచి ఒక చప్పుడు వచ్చి ఇద్దర్నీ నిద్రలేపింది. ఎద్దు రంకె.

యూమా పట్నం వైపు తోలుకెళ్తున్న పశువుల మంద ఏదో ఆ దారిన వస్తోందనుకున్నాడు మెక్‌గీ. నీళ్ల వాసన తగిలి ఎద్దు రంకె వేస్తోందనుకున్నాడు. కానీ గిట్టల చప్పుడు లేదు, తోలేవాళ్ల కేకలు లేవు. ఒకే గొంతు, తెరపి ఇచ్చి ఇచ్చి వస్తోంది. ఇద్దరూ నీళ్ల డబ్బా అందుకుని ఆ చప్పుడు వైపు పరుగెత్తారు.

మకాంకు పావుమైలు దూరంలో, ఐరన్‌వుడ్ చెట్టు కింద, దారి పక్కన రాళ్లలో ఒక ఆకారం పడి ఉంది. ఒంటి మీద నూలుపోగు లేదు. అతని పేరు పాబ్లో వాలెన్సియా. వారం కిందట గుర్రమెక్కి వీళ్ల మకాం నుంచే బయల్దేరి వెళ్లినవాడు. చనిపోయి ఉంటాడని వీళ్లు ఎప్పుడో ఆశ వదిలేసుకున్నవాడు.

ఆ మనిషిని చూసింది చూసినట్టు మెక్‌గీ రాసిపెట్టాడు. మరుసటి ఏడాది, 1906లో, అది ఒక వైద్య పత్రికలో అచ్చయింది. ఎడారి దాహాన్ని ఒక జబ్బుగా పరిగణించి రాసిన ఆ వ్యాసాన్ని నూట ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పటికీ వైద్యులూ, ఎడారుల్లో తిరిగేవాళ్లూ చదువుతున్నారు. ఈ కథకు ఆధారం ఆ వ్యాసమే. పాబ్లో మనసులో ఏమనుకున్నాడని ఇక్కడ రాసినా, కోలుకున్నాక అతను మెక్‌గీకి చెప్పుకున్నదే.

*

ముందు ఆ చోటు సంగతి చెప్పాలి. అది అర్థం కాకపోతే మిగతాది అర్థం కాదు.

సోనోరా ఎడారిలో ఒక్కోసారి వాన లేకుండానే ఏడాదంతా గడిచిపోయే మూల అది. నది లేదు, ఊట లేదు. కొండ చీలికలో ఒకదాని పైన ఒకటిగా, వాన నీటి ఉరవడికి గ్రానైట్ అరిగి ఏర్పడ్డ రాతి గుంటలు ఉన్నాయి. మన రాయలసీమ కొండల మీద దొనలంటామే, అవే. వాన పడితే నిండుతాయి. పైన రాళ్ల నీడ ఉండటం వల్ల నెలల తరబడి ఎండవు. అన్నిటికన్నా కింద ఉన్న దొన అందరికీ అందుతుంది. అది ఎండితే పైదానికి ఎక్కాలి. నున్నటి రాయి, నిలువు చరియ. ఒంట్లో సత్తువ ఉన్నవాడికే కష్టం. పైన నీళ్లుండగానే, ఎక్కలేక, కింద చనిపోయిన బాటసారుల సమాధులు ఆ కొండ పాదం దగ్గర ఉన్నాయని పాతకాలం నుంచీ చెప్పుకుంటారు.

మెక్సికోలోని సోనోరా నుంచి యూమా మీదుగా కాలిఫోర్నియా వెళ్లే పాత బాట ఈ దొనల పక్కగా పోతుంది. ఫాదర్ కీనో అనే జెస్యూట్ మతగురువు 1699లో ఇక్కడికి వచ్చాడు. 1774లో హువాన్ బౌతిస్తా దె ఆన్సా తన దండుతో ఇటే నడిచాడు. 1849 తర్వాత కాలిఫోర్నియా బంగారం కోసం వేలమంది ఈ దారి పట్టారు. వాళ్లలో వందలమంది దాహంతో దారిలోనే రాలిపోయారు. బాటకు పేరు కామినో డెల్ డయాబ్లో. సైతాను బాట. వీళ్లందరికన్నా వందల ఏళ్ల ముందు నుంచే ఓధమ్ జాతి ఆదివాసులు ఇక్కడ బతుకుతున్నారు. ఏ కొండలో ఏ దొన ఉందో, ఏ నెలలో దేనిలో నీళ్లుంటాయో వాళ్లకు కంఠస్థం. హొసే ఆ ఓధమ్ వాడే. అప్పటి తెల్లవాళ్లు వాళ్లను పపాగోలు అనేవారు.

మెక్‌గీ ఇక్కడికి ఎందుకొచ్చాడు? ఆయన ఐయోవా రాష్ట్రపు రైతు బిడ్డ. పెద్దగా బడి చదువు లేదు. సొంతంగా చదువుకుని భూగర్భ శాస్త్రవేత్త అయ్యాడు, తర్వాత మానవ శాస్త్రంలోకి వచ్చాడు. వాషింగ్టన్‌లో పెద్ద పదవి చేసి, 1903లో అక్కడి రాజకీయాలతో పొసగక బయటికొచ్చాడు. 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో మానవ శాస్త్ర విభాగం నడిపాడు. అది ముగిశాక ఎడారి ఎండ, వెలుతురు మనిషి శరీరాన్ని ఏం చేస్తాయో తెలుసుకోవాలని 1905 వేసవిలో దాదాపు వంద రోజులు ఈ దొనల దగ్గర మకాం పెట్టాడు. సౌకర్యమంటూ ఏమీ లేదు. వేడిని కొలిచే పరికరాలు, నోటు పుస్తకాలు, కాస్త బియ్యం, ఎండబెట్టిన పంది మాంసం, దొరికితే పిట్టలు. రాత్రిళ్లు కొండగొర్రెలు దొనకు నీళ్లు తాగడానికి దిగివచ్చేవి.

నేను ఎడారి ప్రయాణాల కథలు చాలా చదివాను. వాటిలో ఎక్కువ భాగం ఎడారిని దాటినవాళ్లవి. మెక్‌గీ దాటలేదు, కూర్చున్నాడు. నీళ్లున్న చోటు చూసుకుని, దాని పక్కన, మండు వేసవంతా. పాబ్లో ప్రాణం నిలిచింది ఆ కూర్చోవడం వల్లే.

*

ఆగస్టు నడిమధ్యలో ఇద్దరు మెక్సికన్లు గుర్రాల మీద మకాంకు వచ్చారు. పాబ్లోకు నలభై ఏళ్లుంటాయి. మంచి కండపుష్టి, 155 పౌన్ల బరువు, అంటే సుమారు 70 కిలోలు. తాను చూసిన మెక్సికన్లలో ఇంత చక్కటి దేహదారుఢ్యం ఉన్నవాళ్లు అరుదని మెక్‌గీ రాశాడు. తోడు వచ్చిన హెసూస్ రియోస్‌కు అరవై అయిదు. కొన్ని నెలల కిందట పాబ్లో ఆ ఎడారిలో బంగారం ఉన్న చోటు ఒకటి చూశాడు. దాన్ని మళ్లీ వెతికి పట్టుకుని హక్కు గుర్తులు పాతుకోవాలని ఇద్దరూ బయల్దేరారు. వారానికి సరిపడా పినోలే ఉంది. వేయించిన మొక్కజొన్న పిండి అది. నీళ్లు మాత్రం ఒక రోజుకే.

మండే ఆగస్టులో ఒక రోజు నీళ్లతో బయల్దేరడం పిచ్చితనం అనిపిస్తుంది. వాళ్ల లెక్క వాళ్లకుంది. గుర్రాలున్నాయి, రాత్రి చల్లగా ఉంటుంది, దొన ఎక్కడుందో తెలుసు, వెళ్లి రావచ్చు. లెక్క తప్పింది గుర్రాల దగ్గర. దాదాపు 35 మైళ్లు వెళ్లేసరికి గుర్రాలు దాహంతో సొలసిపోయాయి. అక్కడ పాబ్లో ఒక నిర్ణయం తీసుకున్నాడు. హెసూస్ రెండు గుర్రాలనూ వెనక్కి తోలుకెళ్లి, వాటికి నీళ్లు పెట్టి, డబ్బాలు నింపుకుని రావాలి. ఈలోగా తాను కాలినడకన గని వైపు వెళ్తాడు. ఫలానా చోట ఇద్దరూ కలుసుకోవాలి.

హెసూస్ మాట ప్రకారమే అర్ధరాత్రి మకాం చేరాడు. గుర్రాలకు నీళ్లు పెట్టాడు. మళ్లీ చీకటితోనే బయల్దేరాడు. చెప్పిన చోటికి వెళ్లాడు. పాబ్లో లేడు. వెతికాడు, తిరిగొచ్చాడు. అప్పుడు హొసే తన గుర్రం మీద బయల్దేరాడు. పాబ్లో జాడ పట్టుకుని, గుర్రం ఇక ఒక్క అడుగు కూడా వేయలేని స్థితికి వచ్చేదాకా వెళ్లాడు. ఇంకా ముందుకు వెళ్తే గుర్రం పోతుంది, గుర్రం పోతే తానూ పోతాడు. వెనక్కి తిరిగాడు.

ఇద్దరూ చెప్పిన చోటికే వెళ్లామనుకుని ఉంటారు. ఆ నేల అలాంటిది. కొండల వరసలు ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే దిక్కుకు సాగుతాయి. మధ్యలో ఒకే రకం మైదానం, అవే క్రియోసోట్ పొదలు. ఈ కొండ అవతల అని ఒకరంటే ఇంకొకరికి పక్క కొండ స్ఫురిస్తుంది. ఊళ్లో అయితే గంట ఆలస్యం అవుతుంది. అక్కడ అరమైలు తేడాకు ప్రాణం పోతుంది.

*

మొదటి రోజు గడిచేసరికి పాబ్లో డబ్బాలో నీళ్లు అయిపోయాయి. ఆ తర్వాత అందులో తన మూత్రమే పట్టుకుని తాగాడు. నోరు జిగురు కట్టింది, తర్వాత ఆ జిగురూ ఎండింది. నాలుక పళ్లకు అంటుకుపోయింది. పాలోవెర్దె చెట్టు లేత కొమ్మలు నమిలాడు. దొరికిన పురుగులు తిన్నాడు. పినోలే పిండి ఉంది, మింగడానికి నోట్లో తడి లేదు.

పగలు వాగు గట్ల నీడలో పడుకునేవాడు. పొద్దు వాలాక లేచి నడిచేవాడు. ఇందులో అతని అనుభవం పనిచేసింది. పగలు నడిచి ఉంటే రెండో రోజు దాటేవాడు కాదు. కానీ రోజులు గడిచేకొద్దీ ఇంకో పని చేశాడు. చెప్పులు, ప్యాంటు, చొక్కా ఒక్కొక్కటిగా విప్పి పారేశాడు. ఒళ్లు లోపలి నుంచి కాలుతున్నట్టుంటే గుడ్డ కూడా భారమే. దాహంతో పోయిన చాలామంది శవాలు ఎడారిలో ఇలాగే దిగంబరంగా దొరుకుతాయి, బట్టలు వెనక దారి పొడవునా పడి ఉంటాయి.

అతన్ని ముందుకు నడిపించింది ఏమిటో అతనే చెప్పాడు. కోపం. హెసూస్ తనను కావాలనే వదిలేశాడని, గని కాజేయడానికి మోసం చేశాడని నమ్మాడు. ఎలాగైనా బతికి వెళ్లి వాణ్ని పొడిచి చంపాలనుకున్నాడు. ఆ పగ పట్టుకునే రాత్రి తర్వాత రాత్రి పాకాడు. హెసూస్ మోసం చేసినట్టు కనిపించదు. అరవై అయిదేళ్ల మనిషి, ఒకే రాత్రి ఎడారిలోకి పోయి వచ్చి, నీళ్లు పట్టుకుని మళ్లీ పోయినవాడు. ఆయన గురించి మంచి మాట రాసినవాళ్లు నాకు కనపడలేదు కాబట్టి నేను ఇక్కడ రాస్తున్నాను.

చివరి రోజుల్లో పాబ్లో పాత బాట మీదికి చేరాడు. కంటికి వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. రాబందులు వెంట వస్తున్నాయి. ఒక దశలో తాను చచ్చిపోయాననే అనుకున్నాడు. ప్రార్థన చేసుకుని చావడానికి పడుకున్నాడు. రాత్రి చలిగాలికి మళ్లీ స్పృహ వచ్చింది. మళ్లీ పాకాడు. ఎటు పోతున్నాడో కాళ్లకూ చేతులకూ తెలుసు. దొన ఉన్న కొండ దగ్గరికొచ్చి, ఇంకో పావుమైలు ఉందనగా, ఐరన్‌వుడ్ చెట్టు కింద శరీరం ఆగిపోయింది. మాట రాదు. ఊపిరి తీసినప్పుడల్లా ఎండిపోయిన గొంతులోంచి ఆ రంకె వచ్చింది.

*

మెక్‌గీ, హొసే చూసింది ఇది. పెదవులు లేవు. కోసేసినట్టు లోపలికి ముడుచుకుపోయి, నల్లటి అంచు మాత్రం మిగిలింది. పళ్లు, చిగుళ్లు బయటికి కనిపిస్తున్నాయి. ముక్కు సగానికి కుంచించుకుపోయింది. రెప్పలు ముడుచుకుపోవడంతో కళ్లు ఆర్పడం లేదు. కండలు తిరిగిన కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ముళ్లకూ రాళ్లకూ కాళ్లు చీరుకుపోయి ఉన్నాయి, చుక్క రక్తం లేదు. ఎండిన తోలు మీద గీతలు పడినట్టున్నాయవి. మణికట్టు దగ్గర నాడి అందలేదు. చెవిలో అరిస్తే తప్ప వినపడటం లేదు.

నీళ్లు నోట్లో పోద్దామంటే మింగలేడు. మెక్‌గీ కంగారుపడలేదు. ముఖం మీద, తల మీద, ఛాతీ మీద, పొట్ట మీద నీళ్లు పోస్తూ కాళ్లూ చేతులూ రుద్దడం మొదలుపెట్టారు. మొదట నీళ్లు జారిపోయాయి. తర్వాత చర్మం నానడం మొదలైంది. చర్మమే నీళ్లు తాగేసిందని మెక్‌గీ రాశాడు. నోటి చుట్టూ కాస్త మెత్తబడ్డాక, నీళ్లు కలిపిన విస్కీ కొద్దికొద్దిగా నోట్లో వేశారు. గంటలోపు గుటక పడింది. అతణ్ని మకాంకు చేర్చాక మరికొంత సేపటికి పిట్ట మాంసం, బియ్యం, పంది మాంసం తురుము కలిపి ఉడికించిన జావ కొద్దిగా తిన్నాడు. అందులో కొంత కడుపులో నిలిచింది.

దాదాపు 160 గంటలు. దగ్గరగా ఏడు రోజులు. ఒక రోజు నీళ్లతో. గుర్రం మీద 35 మైళ్లు, ఆ తర్వాత నడిచీ పాకీ కనీసం నూరు మైళ్లు వెళ్లి ఉంటాడని మెక్‌గీ అంచనా. ఒంటి బరువు 35 నుంచి 40 పౌన్లు, అంటే 16 నుంచి 18 కిలోలు, తగ్గింది. శరీరం బరువులో దాదాపు నాలుగోవంతు.

ఈ నాలుగోవంతు ఎంత నమ్మలేని అంకో నలభై ఏళ్ల తర్వాత తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎడారులకు సైన్యాన్ని పంపాల్సి వచ్చినప్పుడు, ఎడ్వర్డ్ అడాల్ఫ్ నాయకత్వంలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా ఎడారిలో సైనికుల చెమటను కొలిచారు. 1947లో పుస్తకం వేశారు. వాళ్ల లెక్కల ప్రకారం ఒంటి బరువులో రెండు శాతం నీరు పోయేసరికి దాహం బాధిస్తుంది. పది శాతం దాటితే మనిషి నడవలేడు, మతి తప్పుతుంది. ఆ తర్వాత మింగడం పోతుంది. ఎండలో అయితే నాలుగోవంతుకు చేరకముందే ప్రాణం పోతుంది, ఎందుకంటే నీరు పోయి చిక్కబడిన రక్తం లోపలి వేడిని చర్మం దాకా మోయలేదు. ఒక్కసారిగా జ్వరం వచ్చినట్టు ఒళ్లు కాగిపోతుంది. పాబ్లో ఆ గీత దాటాడు. రాత్రిళ్లు నడిచాడు, పగలు నీడలో ఉన్నాడు, రోజులు గడిచేకొద్దీ శరీరం నెమ్మదిగా ఎండింది. ఆ నెమ్మదే కాపాడింది.

అడాల్ఫ్ బృందం తేల్చిన మరో విషయం ఎడారిలో గుడారం వేసే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సింది. నీడలో వేడి 49 డిగ్రీలకు చేరే రోజుల్లో, నీళ్లు లేకుండా కదలక కూర్చుంటే రెండు రోజులు. రాత్రి నడిచి పగలు కూర్చుంటే ఒక రోజు. కదలక కూర్చున్నవాడికి నాలుగు లీటర్ల నీళ్లున్నా మరో పూర్తి రోజు కలవదు. ఎండలో నడిచేవాడికి గంటకు లీటరు చెమట పోతుంది. నీళ్లు పొదుపు చేసి గుక్కెడు గుక్కెడు తాగితే ఎక్కువ కాలం బతుకుతారన్నది అబద్ధమని కూడా తేలింది. చెమట పోయేది పోతూనే ఉంటుంది. నీళ్లు డబ్బాలో ఉన్నా కడుపులో ఉన్నా పోయే చెమట ఒకటే, కడుపులో ఉంటే బుద్ధి పనిచేస్తుంది. డబ్బాలో నీళ్లు మిగిలి ఉండగానే దాహంతో చనిపోయినవాళ్లు ఉన్నారు. బట్టలు విప్పితే చెమట ఎక్కువ పోతుంది. నేల మీద కూర్చోవడం కన్నా అడుగు ఎత్తున కూర్చుంటే చాలా చల్లగా ఉంటుంది. పొదుపు చేయాల్సింది నీళ్లను కాదు, చెమటను.

మెక్‌గీ దగ్గర ఇంత కొలత లేదు. ఆయన కళ్లతో చూసి దాహాన్ని అయిదు దశలుగా విడదీశాడు. మొదటిది గోల పెట్టే దశ, మనిషి తిడతాడు, సణుగుతాడు, తడి లేని గొంతుతో నీళ్ల గురించే మాట్లాడతాడు. రెండోది నోట్లో దూది పెట్టినట్టుండే దశ. మూడోది నాలుక కుంచించుకుపోయే దశ. నాలుగోది రక్తం చెమర్చే దశ, కనురెప్పలు, పెదవులు పగిలి రక్తం ఊరుతుంది. అయిదోది బతికుండగానే చావు. పాబ్లో అయిదో దశలో దొరికాడు. అక్కడి నుంచి వెనక్కి వచ్చినవాణ్ని ఇంత దగ్గరగా చూసి రాసినవాళ్లు అరుదు. ఈ చూపు మెక్‌గీ స్వభావం. తనకు క్యాన్సర్ వచ్చినప్పుడు తన జబ్బు లక్షణాలనే ఇలాగే వరసగా రాశాడు. అది 1912లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఆ ఏడాదే కన్నుమూశాడు.

*

ఆ నేల ఇప్పుడూ దాదాపు అలాగే ఉంది. 1939లో కాబెసా ప్రియేతా వన్యప్రాణి ఆశ్రయం ఏర్పడింది, సుమారు 8.6 లక్షల ఎకరాలు. టినాహాస్ ఆల్తాస్ దొనలు పక్కనే ఉన్న సైనిక శిక్షణ భూమిలోకి వస్తాయి. రెండు చోట్లకూ అనుమతి పత్రం కావాలి. పేలని ఆయుధాలు నేలలో ఉండవచ్చని, ఏమైనా జరిగితే ప్రభుత్వానికి బాధ్యత లేదని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. తాగే నీళ్లు లేవు, దుకాణం లేదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా తెచ్చుకోవాలి. ఎక్కడపడితే అక్కడ కర్రలు ఏరి మంట వేయకూడదు. శీతాకాలంలో అక్కడ గుడారం వేసినవాళ్లు ఆ చుక్కల గురించి, ఆ నిశ్శబ్దం గురించి ఎంత చెప్పినా తనివి తీరదంటారు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి, రెండు స్పేర్ టైర్లు, వారం నీళ్లు ఉంటే అది గొప్ప అనుభవమే.

అరిజోనా చట్టంలో ఒక నిబంధన నాకు చాలా నచ్చింది. అడవి జంతువులకు అందకుండా పోయేలా, సహజమైన నీటి గుంటకు పావుమైలు లోపల మకాం వేయకూడదు. మనిషి పక్కనే పడుకుంటే కొండగొర్రె దిగదు, దాహంతో ఉండిపోతుంది. మనం డబ్బాల్లో మోసుకొచ్చుకోగలం, గొర్రె మోయలేదు.

ఇష్టపడి గుడారం వేసేవాళ్లు మాత్రమే అక్కడ తిరగడం లేదు. 2001 మే నెలలో మెక్సికో నుంచి సరిహద్దు దాటిన బృందం ఒకటి ఈ ఎడారిలోనే దారి తప్పింది. వెంట ఉన్న దళారి వాళ్ల డబ్బులు తీసుకుని నీళ్లు తెస్తానని వెళ్లాడు. 14 మంది చనిపోయారు. 2019 జూన్‌లో, తూర్పున ల్యూక్‌విల్ అనే సరిహద్దు ఊరికి దగ్గర్లో, ఆరేళ్ల పంజాబీ పాప వడదెబ్బకు ప్రాణం విడిచింది. తల్లి నీళ్లు వెతకడానికి వెళ్లింది, పాపను తోటివాళ్ల దగ్గర వదిలి. మన తెలుగు యువకుడొకరు 2024లో సౌదీలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో సహోద్యోగితో పాటు దారి తప్పి చనిపోయినప్పుడు తెలంగాణ పత్రికలు రాశాయి. అక్కడ బండిలో ఇంధనం అయిపోయింది, ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. దరిదాపుల్లో మరెవరూ లేరు.

ఆ సరిహద్దు వార్తలు రెండూ పాబ్లో కథ పక్కన పెట్టుకుని చదువుతుంటే నాకు ఒకే సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. నీళ్ల కోసం విడిపోవడం. నువ్వు ఇక్కడుండు, నేను వెళ్లి తెస్తాను. ఎంత సహజమైన మాట, ఎంత ప్రేమతో అనే మాట. ఎడారిలో ఆ మాటే ప్రాణాల మీదికి తెస్తుంది. పాబ్లో, హెసూస్ విడిపోయింది కూడా ఆ మాట మీదే. అందుకే అక్కడి అధికారులు ఎడారిలో పొడుగాటి స్తంభాలు పాతి, పైన నీలం దీపం పెట్టి, కింద ఒక బటన్ పెట్టారు. స్పానిష్‌లో, ఇంగ్లీషులో, ఓధమ్ భాషలో రాసి ఉంటుంది: బటన్ నొక్కండి, ఇక్కడే ఉండండి, సాయం వస్తుంది.

*

ఇక పాబ్లో. మకాంలో అతని పక్కన మెక్‌గీ, హొసే రాత్రింబవళ్లు కూర్చున్నారు. మరునాటికి కాస్త చూపు, వినికిడి వచ్చాయి. రెండు మాటలు కలిపి మాట్లాడగలిగాడు. ఆరాటం తీరక నీళ్లు అడుగుతూనే ఉన్నాడు, వీళ్లు కొలిచి కొలిచి ఇస్తూనే ఉన్నారు. కదిలించగలిగే స్థితికి వచ్చాక బండి మీద యూమాకు తీసుకెళ్లారు. అక్కడ పుచ్చకాయల కాలం. పాబ్లో పుచ్చకాయలు ఒకదాని తర్వాత ఒకటి తిన్నాడు. వారం తిరిగేసరికి 135 పౌన్లకు వచ్చాడు. నవ్వుతున్నాడు, మాట్లాడుతున్నాడు. పక్షం రోజుల కిందట తెల్ల వెంట్రుకలు పెద్దగా కనపడని నల్లటి, బిరుసైన జుట్టు మాత్రం సగం ఊడిపోయింది. మిగిలిన సగం ఇనుము రంగుకు తిరిగింది.